నా రిపోర్టు సంగతి చెల్లెలికి చెప్పాలా? బాబుకి పరీక్ష చేయించాలా?

ఈ ఉత్తరం రాసినావిడ తన పేరు రాయొద్దని ముందే కోరారు కాబట్టి రాయడం లేదు. ఆవిడ వయసు 36, స్కూల్లో టీచరు. చిన్నప్పటి నుంచి నడుస్తుంటే కాలు బెణికి పడిపోవడం, చెప్పులు జారిపోవడం, పరుగు పందెంలో అందరికంటే వెనక ఉండటం మామూలే కాబట్టి తనకి చూసుకుని నడవడం రాదనే అనుకుంటూ పెరిగారు. నాలుగైదేళ్లుగా పిక్కలు సన్నబడ్డాయి, మెట్లెక్కుతుంటే కాలి వేళ్లు అంచుకి తగులుతున్నాయి. ఇప్పుడు చేతులు కూడా మొదలయ్యాయి. గుండీ పెట్టుకోవడం, తాళం తిప్పడం, సీసా మూత తీయడం కష్టంగా ఉంది, బోర్డు మీద నాలుగు లైన్లు రాసేసరికి చాక్‌పీస్ వేళ్లలోంచి జారిపోతోంది. న్యూరాలజిస్టు నరాల పరీక్ష, తర్వాత జన్యు పరీక్ష చేయించి షార్కో-మారీ-టూత్ జబ్బు, 1ఎ రకం అని తేల్చారు.

రిపోర్టు చూశాక ఆవిడకి నాన్నగారి కాళ్లు గుర్తొచ్చాయి. అవే ఎత్తైన అరికాళ్లు, అవే వంకర తిరిగిన వేళ్లు, అదే మోకాలు పైకెత్తి వేసే నడక. ఆయన మాత్రం "నాకేం జబ్బు లేదు, ఇది వయసు" అంటారు, డాక్టరు దగ్గరికి రారు. ఆయనకి షుగరు కూడా ఉంది. చెల్లెలికి 27, పెళ్లి కుదిరింది. పెళ్లయ్యే వరకు దాని చెవిన వెయ్యొద్దని అమ్మ మాట తీసుకుంది. ఇంట్లో తొమ్మిదేళ్ల బాబు, ఈమధ్య తరచూ పడిపోతున్నాడు, మడమల మీద నిలబడమంటే నిలబడలేకపోతున్నాడు. పరీక్ష చేయిద్దామంటే భర్త "ఇంత చిన్నవాడికి జబ్బు పేరు తగిలిస్తావా" అని కోపగించుకున్నారు. చెల్లెలికి చెప్పాలా, బాబుకి పరీక్ష చేయించాలా, పాదం వాలిపోకుండా నిలబెట్టే పట్టీలు తను కాలికి వేసుకుంటే ఉన్న బలం కూడా పోతుందంటున్నారు, నిజమేనా అని అడిగారు. చివర్లో ఒక వాక్యం రాశారు: "జబ్బు వచ్చిందన్న బాధ కంటే ఈ మాట నోట్లో పెట్టుకుని ఇంట్లో అందరి మధ్య తిరగడం ఎక్కువ బాధగా ఉంది."

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు వేసినవి మూడు ప్రశ్నలే కానీ అవన్నీ కలిసిపోయి ఒకే భయంగా మిమ్మల్ని పట్టుకున్నాయి. వాటిని ముందు విడదీద్దాం. జబ్బు ఒకటే అయినా బాబు విషయంలో సమాధానం వేరు, చెల్లెలి విషయంలో వేరు. బాబుకి లక్షణాలు కనిపిస్తున్నాయి, చెల్లెలికి ఏమీ కనిపించడం లేదు. బాబు తరఫున మీరిద్దరూ నిర్ణయించాలి, చెల్లెలు తన నిర్ణయం తానే తీసుకోగల మనిషి. ఈ తేడా పట్టుకుంటే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

జబ్బు గురించి మీకు డాక్టరు చెప్పే ఉంటారు, అయినా ఇంట్లో వాళ్లకి చెప్పాల్సింది మీరే కాబట్టి తేలిక మాటల్లో ఇంకోసారి చెప్తాను. 1886లో పారిస్‌లో షార్కో, మారీ, ఇంగ్లండ్‌లో టూత్ అనే డాక్టర్లు దీన్ని వర్ణించారు, ఆ ముగ్గురి పేర్లే దీనికి పెట్టారు. సుమారు 2,500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా, అంటే పేరు వినకపోయినా మరీ అంత అరుదైనదేం కాదు. పైకి కండరాలు కరిగిపోతున్నట్టు కనిపిస్తుంది గానీ అసలు లోపం నరాల్లో ఉంది. 17వ క్రోమోజోమ్ మీద పీఎంపీ22 అనే జన్యువు ఉంటుంది, అందరికీ రెండు కాపీలు ఉంటే మీకు మూడున్నాయి. ఆ అదనపు కాపీ సంగతి 1991లో తెలిసింది. దానివల్ల నరం చుట్టూ ఉండే పొర సరిగ్గా ఏర్పడదు. కరెంటు తీగ మీది తొడుగు పాడైతే ఏమవుతుందో అలాగే, మెదడు పంపిన సంకేతం నెమ్మదిగా, బలహీనంగా చేరుతుంది. మామూలుగా చేతి నరంలో సంకేతం సెకనుకి 50 మీటర్ల వేగం దాటి వెళ్తుంది, మీ రిపోర్టులో 22 అని ఉందని రాశారు, ఈ రకంలో కనిపించే వేగం అదే. ఒంట్లో అన్నిటికన్నా పొడవైన నరాలు పాదాలకు వెళ్లేవి కాబట్టి ముందు పాదాలు, పిక్కలు, ఆ తర్వాత చేతులు దెబ్బతింటాయి. ఇది ఏళ్ల తరబడి మెల్లగా సాగే జబ్బు. ఈ రకంలో చాలామంది జీవితాంతం నడుస్తూనే ఉంటారు, కొందరికి ఊతం కావాల్సి వస్తుంది, ఆయుష్షు సాధారణంగా తగ్గదు. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ ముందు చెప్పండి, ఎందుకంటే కండరాలు కరిగే జబ్బు అనగానే మనుషులు ఊహించుకునేది చాలా భయంకరంగా ఉంటుంది, మీ అమ్మగారు, మీ ఆయన కూడా బహుశా అదే ఊహించుకుని భయపడుతున్నారు.

"నా వల్లే నా కొడుక్కి" అని మీరు రెండుచోట్ల రాశారు. ఈ రకంలో ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం, ఆడపిల్లైనా మగపిల్లాడైనా ఒకటే, మొదటి బిడ్డకి వచ్చిందని రెండో బిడ్డకి రాకుండా పోదు, మొదటి బిడ్డకి రాలేదని రెండో బిడ్డకి తప్పకుండా వస్తుందనీ లేదు. ఏ కాపీ బిడ్డకి వెళ్లాలో ఏ తల్లీ ఎంచుకోదు. పైగా వాడు పుట్టేనాటికి మీకు జబ్బు ఉందనే తెలియదు. తప్పు చేసినవాళ్లు ఎవరూ లేని చోట మీరు తప్పు మోస్తున్నారు. నేను చెప్పినంత మాత్రాన ఆ బాధ పోదని తెలుసు, కానీ వాడి ముందు మాత్రం ఆ మాట అనకండి. తన ఒంట్లో ఉన్నది అమ్మని ఏడిపించే విషయం అని పిల్లాడికి అనిపిస్తే, ఇకపై పడిపోయినా వచ్చి చెప్పడు.

ఇప్పుడు బాబు సంగతి. మీ ఆయన మాటలో న్యాయం ఉంది, ముందు అది ఒప్పుకోండి. ఏ లక్షణమూ లేని చిన్నపిల్లలకి, పెద్దయ్యాక వచ్చే అవకాశం ఉందా లేదా అని ముందే జన్యు పరీక్ష చేయించడం మంచిది కాదనే వైద్యులు కూడా సాధారణంగా అంటారు, ఆ నిర్ణయం పిల్లలు పెద్దయ్యాక వాళ్లే తీసుకోవాలని. కానీ మీ బాబు పడిపోతున్నాడు, మడమల మీద నిలబడలేకపోతున్నాడు. అలాంటప్పుడు పరీక్ష చేయిస్తే అది భవిష్యత్తు చూడటం అవదు, ఇప్పుడు ఎందుకు పడుతున్నాడో తెలుసుకోవడం అవుతుంది. మీ ఆయనకి ఈ తేడా ప్రశాంతంగా, రిపోర్టులేవీ చేతిలో లేకుండా ఒకసారి చెప్పి చూడండి. ఇద్దరూ కలిసి పిల్లల న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లి, ఏ పరీక్షా చేయించకుండా ముందు బాబు కాళ్లు, నడక మాత్రమే చూపించడం ఒక దారి. డాక్టరు చూసి ఏం కనిపిస్తోందో చెప్తారు, జన్యు పరీక్ష ఇప్పుడే అవసరమా, ఆగొచ్చా అన్నది అక్కడే మాట్లాడుకోవచ్చు. మీ రిపోర్టు ఉంది కాబట్టి బాబు విషయంలో వెతుకులాట ఉండదు, ఆ ఒక్క అదనపు కాపీ ఉందా లేదా అని చూస్తే చాలు.

ఇంకో దారి, ప్రస్తుతానికి పరీక్ష జోలికి పోకుండా పాదాలకి కావాల్సింది మొదలుపెట్టడం. పిక్క వెనక బిగుసుకునే కండరాన్ని రోజూ సాగదీసే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు నేర్పిస్తారు, చీలమండని పట్టి ఉంచే బూట్లు తొడిగించొచ్చు. జన్యు రిపోర్టు చేతిలో లేకపోయినా ఇవి ఆగక్కర్లేదు. మరి పరీక్ష వద్దనుకుంటే నష్టం లేదా అంటే, ఉంది. ఈ జబ్బు ఉన్న కొందరు పిల్లల్లో తుంటి కీలు సరిగ్గా కుదరకపోవడం, వెన్ను వంకర తిరగడం ఎదిగే వయసులో కనిపిస్తాయి, తెలిస్తే వాటిని కనిపెట్టుకుని ఉంటారు. విన్‌క్రిస్టిన్ అని కొన్ని రక్త కేన్సర్లకి ఇచ్చే మందు ఉంది, ఈ రకం వాళ్లకి కొద్ది మోతాదు కూడా నరాలని తీవ్రంగా దెబ్బతీసి నడవలేని స్థితికి తేవచ్చు. ఆ మందు అవసరం ఎప్పటికీ రాకపోవచ్చు, రావొద్దనే కోరుకుందాం, కానీ వస్తే డాక్టర్లకి ముందే తెలిసి ఉండాలి. అంతకంటే రోజువారీ విషయం ఒకటుంది. వాడి టీచర్లకి అసలు కారణం తెలియకపోతే బద్ధకం, అజాగ్రత్త అని పేరు పెడతారు. మీకూ చిన్నప్పుడు అదే పేరు పెట్టారు కదా, "చూసుకుని నడవడం రాదు" అని. జబ్బు పేరు తగిలించొద్దని మీ ఆయన భయం సరే, కానీ పేరు లేకపోతే ఖాళీగా ఉండదు, వేరే పేరు వచ్చి కూర్చుంటుంది. నన్నడిగితే డాక్టరుకి చూపించడం వాయిదా వేయకండి, జన్యు పరీక్షకి రక్తం ఇవ్వడం మాత్రం మీ ఇద్దరూ ఒక మాట మీదకి వచ్చాకే.

వాడికి ఏం చెప్పాలి అని మీరు అడగలేదు గానీ, తొమ్మిదేళ్ల పిల్లాడికి ఇంట్లో గుసగుసలు వినిపిస్తూనే ఉంటాయి. "నీ కాళ్లకి వెళ్లే నరాలు కొంచెం మెల్లగా పనిచేస్తాయి, అమ్మకీ అంతే, అందుకే ఇద్దరం వ్యాయామం చేస్తున్నాం" అంటే చాలు. మిగతాది వాడు అడిగినప్పుడు, అడిగినంత వరకే.

చెల్లెలి విషయం కష్టమైనది, అక్కడ నేను ఎక్కువ చెప్పాలి. నాన్నగారికి పరీక్ష చేయలేదు గానీ మీరు రాసిన లక్షణాలు చూస్తే మీకు ఆయన వైపు నుంచే వచ్చి ఉండొచ్చు. అదే నిజమైతే చెల్లెలికీ పుట్టుకతో సగం అవకాశం ఉన్నట్టే. 27 ఏళ్లు వచ్చినా ఏమీ కనిపించలేదంటే అది మంచి సూచనే, ఈ రకంలో చాలామందికి ఇరవై ఏళ్లు నిండేలోపే ఏదో ఒక గుర్తు కనిపిస్తుంది. కానీ ఒకే కుటుంబంలో ఒకరికి బాగా, ఒకరికి పట్టనంత తక్కువగా ఉండటం ఈ జబ్బులో మామూలు, కాబట్టి పైకి చూసి లేదని చెప్పేయలేం.

అమ్మగారు చెప్పినట్టు పెళ్లయ్యాక చెప్తే ఏమవుతుంది? కొంతకాలం ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది. కానీ అక్కకి, అమ్మకి తెలిసి తనకి మాత్రమే చెప్పలేదని చెల్లెలికి ఏదో ఒకరోజు తెలుస్తుంది, మీ నడక, మీ చేతులు దాచలేరు కదా. ఆ రోజుకి తను గర్భంతో ఉంటే, నిదానంగా ఆలోచించుకోవాల్సిన విషయాలు వారాల లెక్కలో తేల్చుకోవాల్సి వస్తుంది. జబ్బు గురించి అయితే ఎవరినీ తప్పుపట్టే వీల్లేదు గానీ దాచినందుకు మిమ్మల్ని తప్పుపట్టొచ్చు, ఆ కోపం న్యాయమైనదే అవుతుంది. అసలు చెప్పకుండా ఉంటే ఇదంతా ఇంకొన్నేళ్లు ఆలస్యంగా, ఇంకా ఎక్కువగా జరుగుతుంది.

ఇప్పుడే చెప్తే? పెళ్లి పనుల మధ్య ఆమె కంగారుపడుతుంది, కాబోయే భర్తకి చెప్పాలా వద్దా అన్న ప్రశ్న తన మీద పడుతుంది, ఆ సంబంధం మీద ప్రభావం పడే అవకాశమూ ఉంది. ఇది చిన్న విషయం అని నేననను, మీ అమ్మగారి భయం ఉత్తిది కాదు. అయినా నా అభిప్రాయం సూటిగా చెప్తాను, చెల్లెలికి పెళ్లికి ముందే చెప్పాలి. తనకి సంబంధించిన సమాచారం తన దగ్గర ఉండాలి, దాన్ని ఏం చేసుకోవాలన్నది తన ఇష్టం. పరీక్ష చేయించుకోవచ్చు, చేయించుకోకపోవచ్చు, కాబోయే భర్తకి చెప్పొచ్చు, ముందు తను తెలుసుకుని తర్వాత చెప్పొచ్చు, ఆ నిర్ణయాల్లో మీరు గానీ అమ్మగారు గానీ దూరకూడదు. "నాకు తెలుసుకోవాలని లేదు" అంటే అదీ ఆమె హక్కే, అక్కడితో ఆగిపోండి.

అమ్మగారికి ఇచ్చిన మాట ఉంది కాబట్టి చెల్లెలి దగ్గరికి వెళ్లేముందు అమ్మగారి దగ్గరికి వెళ్లండి. అనుమతి అడగడానికి కాదు, ముందుగా తెలియజేయడానికి. "అమ్మా, ఆ రోజు సరే అన్నాను, కానీ ఇది మోయలేకపోతున్నాను, ఫలానా రోజు దానికి చెప్తున్నాను, నువ్వూ పక్కనుంటే బావుంటుంది" అనండి. ఆమె ఒప్పుకోకపోవచ్చు. కానీ వెనకనుంచి తెలిసినప్పుడు కలిగే బాధ ఉండదు. ఎదురుగా చెప్పడం మరీ కష్టమైతే, జన్యు సలహాదారుని గానీ మీ న్యూరాలజిస్టుని గానీ కుటుంబ సభ్యుల కోసం ఒక ఉత్తరం రాసివ్వమని అడగండి, చాలా చోట్ల అలా ఇస్తారు. జబ్బు ఏంటి, ఎవరికి వచ్చే అవకాశం ఉంది, ఏ పరీక్ష అన్నది అందులో ఉంటుంది, మీరు తడబడినా కాగితం తడబడదు.

చెల్లెలికి మీ జన్యు రిపోర్టు కాపీ తప్పకుండా ఇవ్వండి. ఎందుకంటే మీలో ఉన్నది ఒక కాపీ ఎక్కువ ఉండటం, జన్యువులో అక్షర దోషం కాదు. జన్యువుల అక్షరాలు వరుసగా చదివే కొన్ని పరీక్షల్లో ఇది దొరక్కపోవచ్చు. కాపీలు లెక్కపెట్టే పరీక్ష, ఎంఎల్‌పీఏ అంటారు, అలాంటిది చేయాలి. మీ రిపోర్టు లేకుండా ఆమె ఎక్కడో ఏదో ప్యాకేజీ పరీక్ష చేయించుకుంటే "ఏమీ లేదు" అని తప్పుగా రావచ్చు, అది నమ్మి నిశ్చింతగా ఉండిపోతుంది. "జన్యు పరీక్ష వద్దు, ఊరికే నరాల పరీక్ష చేయించుకుంటా" అని ఆమె అంటే, ఈ రకంలో నరాల వేగం చిన్నప్పటి నుంచే తగ్గి ఉంటుంది కాబట్టి ఆ పరీక్షతోనే దాదాపు తేలిపోతుందని కూడా ముందే చెప్పండి. తెలుసుకోవడానికి సిద్ధపడకుండా ఆ గదిలోకి వెళ్లకూడదు.

పిల్లల గురించి ఆమె అడుగుతుంది, మీరూ రెండో బిడ్డ గురించి ఒక వాక్యం రాసి కొట్టేశారు, కనిపించింది. జబ్బు ఉన్నవాళ్లు పిల్లల్ని కనొచ్చు, కంటున్నారు. కొందరు ఏ పరీక్షా లేకుండా కంటారు. కొందరు గర్భం తొలి నెలల్లో పరీక్ష చేయించుకుంటారు, కొందరు ఐవీఎఫ్ ద్వారా పిండాన్ని ముందే పరీక్షించి ఎంచుకుంటారు. ఏ పరీక్ష అయినా ఆ అదనపు కాపీ ఉందా లేదా అనే చెప్తుంది, ఎంత తీవ్రంగా ఉంటుందో చెప్పదు, అందుకే ఇది లెక్క వేసి తేల్చే నిర్ణయం కాదు. గర్భం సమయంలో కొందరు ఆడవాళ్లకి బలహీనత పెరుగుతుంది, కాన్పు తర్వాత కొందరికి తగ్గుతుంది, కొందరికి అలాగే ఉండిపోతుంది. ఇది ముందే తెలిస్తే డాక్టరుతో మాట్లాడుకుని ఏర్పాట్లు చేసుకోవచ్చు.

ఇక మీ సంగతి. ఇంత పొడవు ఉత్తరంలో మీ గురించి అడిగింది ఒక్క పట్టీల ప్రశ్నే. పట్టీలు వేసుకుంటే కాళ్లు బద్ధకిస్తాయన్నది చాలామందికి ఉన్న భయం, కానీ మీ పిక్కలు సన్నబడింది కాళ్లు వాడకపోవడం వల్ల కాదు, నరం నుంచి సంకేతం అందకపోవడం వల్ల. వాలిపోయే పాదాన్ని నిలబెట్టే పట్టీ ఉంటే కాలి వేళ్లు మెట్టుకి తగలవు, పడిపోవడం తగ్గుతుంది, తక్కువ అలసిపోతారు కాబట్టి నిజానికి ఎక్కువ నడుస్తారు. ఇప్పుడు తేలికైన కార్బన్ ఫైబర్‌వి కూడా వస్తున్నాయి, బట్టల కింద పెద్దగా కనిపించవు. మీ కొలతకి చేయించుకోండి, రాసుకుని ఎర్రబడితే ఓర్చుకోకుండా సరిచేయించుకోండి. పాదం బాగా వంకర తిరిగి గట్టిపడిపోతే ఆపరేషన్ చేసి సరిచేస్తారు, ఈ జబ్బు పాదాలు చూసిన అనుభవమున్న ఎముకల డాక్టరునే అడగాలి, మీకు ఇప్పుడే ఆ అవసరం ఉందని నాకు అనిపించలేదు.

వ్యాయామం చేయండి, ఈత, సైకిల్ లాంటివి మంచివి, మర్నాడంతా లేవలేనంత మాత్రం వద్దు. చేతులకి లావు పెన్ను, గుండీలకి బదులు అతుక్కునే పట్టీలు, రాయడం బదులు స్క్రీన్ మీద చూపించి పాఠం చెప్పడం, ఇవన్నీ ఓడిపోవడం కిందకి రావు, స్కూల్లో అడగడానికి సిగ్గుపడకండి. నయం చేసే మందు ఇప్పటివరకు లేదు. విటమిన్ సి తో చేసిన ప్రయోగాల్లో ఈ రకానికి గుణం కనిపించలేదు. నరాల బలానికని ఎవరో చెప్పారని బి6 మాత్రలు ఎక్కువ మోతాదులో నెలల తరబడి మింగకండి, అతిగా వాడితే అదే నరాలని పాడుచేస్తుంది. ఏ కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఆపరేషన్‌కి మత్తు ఇవ్వబోతున్నా, జబ్బు పేరు ముందే చెప్పండి.

నాన్నగారిని ఒప్పించాలని ఇంక వాదించకండి. ఆయన ఒప్పుకుంటే తన కూతుళ్లకి తానే ఇచ్చానని ఒప్పుకున్నట్టు అవుతుందని ఆయనకి అనిపిస్తూ ఉండొచ్చు, మీరు బాబు గురించి పడుతున్న బాధే అది. ఆయన జన్యు పరీక్ష చేయించుకోకపోయినా మీ నిర్ణయాలేవీ ఆగవు. కానీ ఆయన పాదాల సంగతి వేరు, దాన్ని వదలకండి. ఈ జబ్బుకి షుగరు తోడైతే నరాలు ఇంకా త్వరగా దెబ్బతింటాయి, పాదాలకి స్పర్శ తగ్గితే చెప్పు కరిచినా, వేడినీళ్లు కాల్చినా తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. జబ్బు పేరెత్తకుండా షుగరు పేరు చెప్పి తీసుకెళ్లండి, డాక్టరుకి మాత్రం మీ రిపోర్టు ముందుగా పంపండి. రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోమనండి, ఆయనకి వంగడం కష్టమైతే మీరో అమ్మగారో చూడండి.